ఇస్త్రీ పెట్టెతో ఓడ ప్రయాణం

ఓడ ఎక్కబోయేవాళ్ళకి ముందే చెబుతున్నాను, ఇస్త్రీ పెట్టె పట్టుకెళ్ళకండి. లాగేసుకుంటారు. మాది లాగేసుకున్నారు.

మా ఆయన విశాఖ పోర్టులో కళాసీగా పనిచేసి రిటైరయ్యాడు. కళాసీ అంటే ఓడ కడుపులోంచి బస్తాలో, ఇనుమో, ఏదుంటే అది బయటికి తీసే మనిషి. ఎన్ని ఓడల్లోకి దిగాడో ఆయనకే తెలీదు గానీ, ప్రయాణికుడిగా ఒక్కటీ ఎక్కలేదు. మా అమ్మాయి టికెట్లు కొని, "పుదుచ్చేరి, చెన్నై చూపించి మళ్ళీ ఇక్కడే దింపుతారు నాన్నా" అనేసరికి ముసలాయన కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆయన సంబరం ఆ ఊళ్ళు చూడ్డానికి కాదు. మా తమ్ముడు ఇంకా పోర్టులోనే ఉన్నాడు. ఓడ గట్టుకి చేరగానే పైనుంచి విసిరే తాళ్ళు అందుకుని కట్టే జట్టులో వాడి పని. మేం తిరిగొచ్చే రోజు వాడే డ్యూటీలో ఉంటాడు, వాడితో మా ఆయన పాత నేస్తాలూ ఉంటారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని, పైన రెయిలింగ్ పట్టుకుని, వాళ్ళకి చెయ్యి ఊపాలి. వాళ్ళు చూడాలి. ఇదొక్కటే ఆయన కోరిక.

"అంతెత్తునుంచి సీమలాగ కనిపిత్తావ్ బావా" అని ఏడిపించాడు మా తమ్ముడు. "తెల్ల సొక్కాలోల్లు సవా లచ్చమంది ఉంటారక్కడ. అందులో నువ్వేదో నానెలా పోల్చుకునేది?"

"మడత నలగని సొక్కా ఏదో సూసుకో. అదే నాను."

అందుకే ఇస్త్రీ పెట్టె.

ఎక్కే రోజు పెద్ద పెట్టెకి చీటీ కట్టి ముందే తీసుకుపోతారు. తర్వాత గదికి వాళ్ళే తెస్తారు, కంగారు పడొద్దు. నేను మాత్రం ఆ చీటీని నమ్మలేదు. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి, పూర్ణా మార్కెట్లో కొట్ల బోర్డులు కూడబలుక్కుంటూ. అంత కష్టపడి నేర్చుకున్నవి వాడకుండా ఎలా ఉంటాను? పెట్టె అడ్డంగా తెల్ల రంగుతో మా పేట పేరు 'మల్కాపురం' అని రాసే తెచ్చాను. మా ఆయన ఆ పెట్టె మాది కాదన్నట్టు అవతలికి తిరిగి నిలబడ్డాడు.

ఇస్త్రీ పెట్టెని మాత్రం ఎవరికీ ఇవ్వక చేతి సంచిలో ఉంచుకున్నాడు. సంచి తనిఖీ మెషీన్లోకి వెళ్ళింది. మెషీన్ ఆగింది.

"ఇది లోపలికి తీసుకెళ్ళకూడదండీ, నిప్పు ప్రమాదం. దిగేటప్పుడు ఇచ్చేస్తాం" అంది యూనిఫారం వేసుకున్న అమ్మాయి.

"నాను సొక్కాకే రుద్దుతాను తల్లీ, ఓడకి రుద్దను."

ఆ పిల్ల నవ్వింది గానీ పెట్టె ఇవ్వలేదు.

తర్వాత ఫొటో తీసి కార్డు ఇచ్చారు. గది తలుపుకీ అదే, ఓడ ఎక్కడానికీ దిగడానికీ అదే. పారేసుకోకండి. లోపల అడుగు పెడితే చల్లటి గాలి, తివాచీ, అద్దాల లిఫ్టు, ఎక్కడ చూసినా దీపాలే.

"ఇది ఓడ కాదే" అన్నాడాయన నోరు తెరిచి. "ఎవడో పెల్లి మండపాన్ని నీల్లలోకి తోసేసినాడు."

బయల్దేరే ముందు అందరినీ ఒకచోట నిలబెట్టి, ఆపదొస్తే లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో చూపించారు. దానికి విజిల్ ఒకటుంటుంది. ఊదమని ఎవరూ అనలేదు. మా ఆయన ఊదాడు. ఆయన్ని చూసి అక్కడి పిల్లలంతా ఊదారు. నాకు కళ్ళు తిరిగాయి. ఓడ ఇంకా కదల్లేదు, నవ్వలేకే తిరిగాయి.

ఇస్త్రీకి దారి లేకపోయేసరికి తెల్లబట్టలు పరుపు కింద పరిచి వాటి మీద పడుకున్నాడు. "ఇటు జరుగే, ప్యాంటు మీదకి. నీ బరువు కావాలి" అన్నాడు. చంపేద్దును గానీ, జరిగాను.

దిగేముందు రోజు సాయంత్రం గది సర్దే ఆవిడ వచ్చి, సామాన్లు రాత్రికి తలుపు బయట పెట్టేయమంది. ఇంకా ఏదో చెబుతోంది. ఆయన వింటేనా! సామాను బయట పెట్టాలన్న మాటతోనే మళ్ళీ కళాసీ అయిపోయాడు. ఓడలో సరుకు దించమంటే ఊడ్చినట్టు దించాలి, మూల ఒక్క బస్తా మిగిలినా జట్టుకి పరువు తక్కువ. గదిలో దువ్వెన కూడా మిగల్చలేదు. ఆఖరికి పరుపెత్తి తెల్లబట్టలు తీసి, పెట్టెలో అన్నిటికన్నా పైన పరిచి మూశాడు.

"రేప్పొద్దున్న ఏటి కడతావు మావా?"

"పైనే ఎట్టినాను కదే. తలుపు తియ్యగానే ముందు అయ్యే సేతికొత్తాయి."

ఆయన ఒంటి మీద మిగిలింది ఆకుపచ్చ గళ్ళ లుంగీ, బనీను. నేను చీరతోనే పడుకుంటాను కాబట్టి నాకేం ఫర్వాలేదు.

పొద్దున్నే తలుపు తీశాడు. దారి నున్నగా ఉంది. ఆ చివర నుంచి ఈ చివరికి ఒక్క పెట్టె లేదు.

"మంచి జట్టే. మొత్తం ఎత్తేసినారు" అన్నాడు మెచ్చుకోలుగా. తర్వాత లుంగీ వైపు చూసుకున్నాడు.

పెట్టెలన్నీ దిగాక కింద హాల్లో ఇస్తారట. గది సర్దే ఆవిడ చెప్పబోయింది అదే. మా ఆయన మంచమ్మీద కూలబడ్డాడు.

"నాను పైకి రాను. ఆల్లు సూత్తారు."

"సూడాలనే కదా ఇన్నాల్లు నా పేనం తీసినావ్! లెగు. పైన నిక్కర్లేసుకుని తిరుగుతన్నారు జనం. ఆ నిక్కర్లు నాలుగు కలిపి కుట్టినా నీ లుంగీ అవ్వదు."

లాక్కుపోయాను. డాల్ఫిన్ నోస్ కొండ పక్కకొచ్చేసింది, గట్టు కనిపిస్తోంది. రెయిలింగ్ పొడుగునా తెల్ల చొక్కాలే, అందరూ చేతులూపేవాళ్ళే. కింద మా తమ్ముడు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ చివర నుంచి ఒక్కో తెల్ల చొక్కానీ చూసుకుంటూ వస్తున్నాడు. మా దాకా వచ్చాడు. మమ్మల్ని దాటిపోయాడు.

నా వెనక నక్కిన మనిషి మెడ చాచి చూశాడు. "పోల్చుకోలేకపోతన్నాడే..."

అప్పుడే సముద్రం గాలి ఒక్క విసురు విసిరింది. లుంగీ గొడుగులా లేచింది. ఆయన గబుక్కున పట్టుకుని, పనిలోకి దిగేముందు కట్టినట్టే మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, బిగించి ముడేశాడు.

"బావో...!"

కింద జట్టంతా తలెత్తింది. ఒకడు ఈల వేశాడు, ఒకడు తువ్వాలు తిప్పాడు. మా ఆయన రెండు చేతులూ ఎత్తి ఊపాడు, లుంగీ జారబోతే ఒక చెయ్యి దించాడు, మళ్ళీ ఎత్తాడు. నేను రెయిలింగ్ పట్టుకోకపోతే నవ్వి నవ్వి సముద్రంలో పడుందును.

దిగేటప్పుడు కార్డు ఆఖరిసారి టింగ్ మంది. పక్క బల్ల దగ్గర ఇస్త్రీ పెట్టె ఇచ్చేశారు. లుంగీ, బనీను, చేతిలో ఇస్త్రీ పెట్టె. అలా దిగాడు మా ఆయన అంత పెద్ద ఓడలోంచి.

"ఏటి బావా, ఓడలో ఇస్త్రీ బండి ఎట్టినావేటి?" అని అడ్డంగా కట్టిన తాడు అవతల నుంచి అరిచాడు మా తమ్ముడు. తర్వాత నా వైపు తిరిగి, "అప్పా, ఆ నలగని సొక్కా ఏదీ?"

"మీ బావ దింపుడు సరుకులో పోయిందిరా!"

హాల్లో అన్నీ ఒకేలాంటి నల్ల పెట్టెలు. జనం వంగి వంగి చీటీలు చదువుకుంటున్నారు. నేను గుమ్మంలోంచే 'మల్కాపురం' చదివేశాను. తెరిస్తే పైనే ఉన్నాయి తెల్లబట్టలు, మడత నలగకుండా.

"మార్చుకోరాదా మావా?"

"ఇప్పుడెందుకే, సూసేసినారు కదా" అన్నాడు.

ఆటోలో ఇస్త్రీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటి దాకా, దారిలో తెలిసినవాడికీ తెలియనివాడికీ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.