పైవరుస కనబడని రోజు

ఇవాళ పొద్దున కాలేజీ ఆఫీసులో పక్క టేబుల్ దగ్గర టకటకమని కీబోర్డు చప్పుడు మొదలైంది. పనిచేసే చేతుల చప్పుడు వేరు, భయపడ్డ చేతుల చప్పుడు వేరు. ఇది రెండోది. ముందు ఒకటే మీటను పదిసార్లు, తర్వాత చేతికి అందినవన్నీ, రేకుల మీద వడగళ్లు పడ్డట్టు. కొత్తగా చేరిన క్లర్కమ్మాయి తలెత్తకుండానే "మేడం, పైన మెనూ వరుస మొత్తం పోయింది" అంది. కూర్చున్న చోటి నుంచే "ఆల్ట్ నొక్కు" అన్నాను. వచ్చింది. ఆ పిల్ల నన్నేదో మంత్రగత్తెను చూసినట్టు చూసింది.  ఇరవై ఏండ్ల వయసులో ఇదే నారాయణఖేడ్‌లో ఇదే మాట ఇంతకన్నా పెద్ద గొంతుతో అన్నదాన్ని నేను. ఆ వరుస కనబడని ఆ గంటలో నేనేం చేశానో సంగన్నకు తెలుసు, ఇంకొక్కరికి తెలుసు. సంగన్న పోయి మూడేండ్లయింది. ఆయన్ను చూడని వాళ్లకైనా చెప్పుకోవాలనిపిస్తోంది.

సంగన్నది బస్టాండు వెనక సందులో నాలుగు కంప్యూటర్ల నెట్ సెంటర్. అంతకుముందు అదే గదిలో రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. ఆ అలవాటు పోక కంప్యూటర్ డబ్బాకు కూడా చెవి ఆనించి వినేవాడు. అందరికీ ఆయన సంగన్న, నేను మాత్రం చిన్నాన్న వరసతో కాకా అని పిలిచేదాన్ని. తల్లి కర్ణాటక వైపు మనిషి కాబట్టి కోపమొస్తే "చూడు" అనడు, "నోడు, నోడు" అంటాడు. నోరు అస్సలు మంచిది కాదు. దుకాణానికొచ్చిన మనిషిని ముందు తిట్టి, తర్వాత కుర్చీ వేసేవాడు. ఎవరైనా "ఖరాబైంది సంగన్నా" అంటూ వస్తే ఒంటికాలి మీద లేచేవాడు. "ఖరాబైందని నీకెవలు చెప్పిండ్రు? వినవడ్తలేదను. నీకు వినవడ్తలేదు, గంతే. ఖరాబైందో లేదో నేను చూసి చెప్తా." నాకది ముసలాయన చాదస్తంలా ఉండేది. రెండూ ఒకటే కదా అనుకునేదాన్ని.

ఇంటర్ అయ్యాక ఇంట్లో ఖాళీగా కూర్చుంటే మా నాన్న తీసుకొచ్చి ఆయన దగ్గర పడేశాడు. నెల తిరిగేసరికి నాకు అన్నీ వచ్చేశాయన్న డాబు వచ్చింది. నిజానికి నాకు వచ్చింది ఎక్కాల్లా బట్టీపట్టిన నాలుగు దారులే. ప్రింటు కావాలంటే పైన వరుసలో ఫైల్ నొక్కాలి, పేజీలో పేరు వెతకాలంటే ఎడిట్ నొక్కాలి. ఆ వరుస ఉంటే నేను ఆపరేటర్ మేడాన్ని. లేకపోతే ఏమిటన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు, రావలసిన అవసరం కూడా పడలేదు.

నర్సింగు సీట్ల జాబితా వచ్చిన రోజు అది. సంగన్న అన్నానికి ఇంటికి పోయాడు. గది నిండా జనం, సందులో కూడా జనం. సిర్గాపూర్ దగ్గరి పల్లె నుంచి అనిత అని ఒక పిల్ల వచ్చింది, నాకన్నా రెండేండ్లు చిన్నది. కాయితం మీద తన నంబరు, పేరు, తండ్రి పేరు రాసుకొచ్చింది. నేను మౌసు ఎక్కడ నొక్కానో ఏమో, పైన ఫైల్, ఎడిట్ అని ఉండే వరుస మొత్తం మాయమైంది.  మీటలన్నీ టకటకా కొట్టాను. రాలేదు. వెనక నుంచి "జల్దీ గానియ్యమ్మా" అని ఒకటే గోల. రాదని ఒప్పుకోవడానికి నామోషీ అయింది. వందల వరుసలున్న ఆ జాబితాను, ర్యాంకుల ప్రకారం ఎక్కడి పేర్లు అక్కడ చెల్లాచెదురుగా ఉన్నదాన్ని, కళ్లతో గబగబా కిందికి జరుపుకుంటూ పోయి, "నీ పేరు లేదు" అన్నాను.

"ఇంకోపారి చూడరాదక్కా" అంది అనిత. తెర నా వైపు తిరిగి ఉంది, ఆమెకు ఏమీ కనబడదు.

"చూసిన గదా. లేదు."

ఆమె కాయితం మడిచి జాకెట్టులో పెట్టుకుని జనంలోంచి దారి చేసుకుంటూ వెళ్లిపోయింది. నేను తర్వాతి మనిషిని పిలిచాను. అదీ నా నిర్వాకం.

సంగన్న వచ్చేసరికి నేను ఏడుపు మొహంతో ఉన్నాను. "మెనూ పోయింది కాకా" అన్నాను.

"పోయిందా? యాడికి, బీదర్ బస్సెక్కిందా? పోలే. నీకు కనవడ్తలేదు. ముందు గది చక్కగ చెప్పు. తెర మొత్తం నిండి పైనంతా మాయమైందా, గా ఒక్క వరుసేనా?"

"ఒక్క వరుసే."

"అయితే ఎఫ్ పదకొండు కాదు. ఆల్ట్ నొక్కు. ఒక్కపారే నొక్కు, డోలు కొట్టినట్టు కొట్టకు."

నొక్కాను. ఫైల్, ఎడిట్, వ్యూ, అన్నీ బుద్ధిమంతుల్లా వచ్చి నిలబడ్డాయి. ఇంకోసారి నొక్కితే మళ్లీ దాక్కున్నాయి. "గిది తాత్కాలికం. వ్యూలకు పో, టూల్‌బార్స్ అని ఉంటది, అండ్ల మెనూ బార్ ముందట టిక్కు వెట్టు. ఇగ పోదు." పెట్టాను. వరుస నిలిచింది. నాకు నవ్వొచ్చింది, ఇంతేనా అని. ఆయన నవ్వలేదు. "గిది లేనప్పుడు ఏ పని ఆగింది?" అని అడిగాడు. పేరు వెతకడం అన్నాను. "అయితే గిప్పుడు వెతుకు, పనిచేస్తుందో లేదో నోడు."

వట్టి పరీక్షకే, గుర్తున్న పేరు కదా అని, అనిత అని కొట్టాను. నలుగురు అనితలు వచ్చారు. మూడో అనిత దగ్గర పేజీ ఆగింది. ఇంటిపేరు అదే. తండ్రి పేరు అదే. పక్కన సంగారెడ్డిలో సీటు. మరునాడు సాయంత్రంలోగా సర్టిఫికెట్లతో హాజరు కాకపోతే సీటు రద్దు.

నేను నోరు తెరవకముందే ఆయనకు నా మొహంలో అంతా అర్థమైంది. "లేదన్నవా?" అన్నాడు. తలూపాను. దుకాణంలో ఉన్నవాళ్లందరినీ బయటికి పంపి షట్టరు దించాడు. అంతకుముందు దుకాణంలో ఆయనే నింపిన ఆమె అప్లికేషన్లో ఊరు ఉంది, ఫోన్ మాత్రం పట్నంలో పనిచేసే అన్నది, ఎన్నిసార్లు చేసినా మోగలేదు. స్కూటర్ వెనక నన్ను కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. దారి పొడుగునా ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండును అనిపించింది. పత్తి చేన్ల మధ్య ఆ రోడ్డు ఎంతకూ తెగలేదు.

ఇంటికి తాళం. పక్కింటావిడ చాటలో కందులు చెరుగుతూ చెప్పింది. "గంట కింద పాయిరి. కూలోళ్లను తోల్కపోయే మేస్త్రీ బండి పొద్దటి సంది ఆగి ఉండె, పిల్ల సీటు సంగతి తెలిసేదాకా ఆగుమని వాళ్ల నాయిన బతిలాడిండు. రాలేదని చెప్పిండ్రంట గద. పిల్లను గూడ ఇటుకబట్టీకి తోల్కపోయిండ్రు."

"ఏ బట్టీ?"

"ఎవలకెరుక అన్నా. పట్నం దిక్కు."

మరునాడు సాయంత్రం దాకా సంగన్న ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నాడు. మేస్త్రీ నంబరు సంపాదించాడు, మేస్త్రీ ఎత్తలేదు. సంగారెడ్డిలో ఆఫీసు మూసే వేళ దాటాక ఫోన్ టేబుల్ మీద పెట్టి బయటికి పోయి నిలబడ్డాడు. నేను వెళ్లి, రేపటి నుంచి రాను కాకా అన్నాను.

"నువ్వు పని ఇడిస్తే గా పిల్లకు సీటొస్తదా?" అన్నాడు. "రాదు. నీకు మనసుకు హాయిగ ఉంటది, గంతే. గా పిల్ల ఎప్పటికన్న ఇదే దుకాణానికొస్తది, ఖేడ్‌ల ఇంకేమున్నది. వచ్చినప్పుడు నువ్విక్కడ ఉండాలె. చెప్పేది నువ్వే. నేను మాత్రం చెప్ప."

ఏడాదిపాటు ఆ తలుపు వైపు చూస్తూ పనిచేశాను. సంగన్న రోజూ పొద్దున ఆ వరుసను దాచి నాతో మళ్లీ తెప్పించేవాడు. అలా కాక ఇంకే తీరుగా తేవచ్చో అడిగేవాడు. పైనున్న ఖాళీ పట్టీ మీద మౌసు కుడి మీట నొక్కి తేవడం కూడా వచ్చింది. మనుషులతో లేదు అనడం మాన్పించాడు. నాకు కనవడ్తలేదు, ఇంకో తీరుగా చూస్తా అనాలి. నోటికి అలవాటయ్యేదాకా ఎన్ని తిట్లు తిన్నానో లెక్కలేదు.

మరుసటేడు జాబితా వచ్చిన రోజు, పట్నంలో అన్న పెట్టించిన అప్లికేషన్ నంబరుతో అనిత వచ్చింది. ఎండకు నల్లబడింది, చేతులు పగిలి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టలేదు, లేదా పట్టనట్టు ఊరుకుంది. సంగన్న నన్ను చూసి, టీ తాగొస్తానని లేచి పోయాడు. అప్పుడు ఆయన మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. అనిత వైపు తిరిగి చెప్పాను: పోయినేడు నీ పేరు ఉండె. నేను సక్కగ చూడలే. నువ్వు పోయినంక దొరికింది.

అనిత "ఉండెనా?" అని మాత్రం అంది. తర్వాత, "మా నాయిన నన్ను సదువు రాని మొద్దన్నడక్కా, ఏడాది పొడుగునా" అంది. ఏడవలేదు. నా కుర్చీ పక్కకు వచ్చి, "జరుగు. నేనే చూసుకుంట" అంది.

జరిగాను. ఎడిట్ ఎక్కడుందో, నంబరు ఎక్కడ కొట్టాలో వేలితో చూపించాను, మౌసు ముట్టుకోలేదు. తన పేరు, పక్కన సీటు ఆమే చూసుకుంది. ఆ రోజు నుంచి మా దుకాణంలో నాలుగు తెరలూ వచ్చినవాళ్ల వైపే తిప్పి పెట్టాం. ఇప్పుడు కాలేజీలో నా తెర కూడా అలాగే ఉంటుంది. ఇదేం పద్ధతి మేడం అని ప్రిన్సిపాల్ అడిగితే, అలవాటు సార్ అంటాను.

మొన్న మా అమ్మకు జ్వరమొస్తే ఖేడ్ దవాఖానకు తీసుకుపోయాను. తెల్ల కోటు వేసుకున్న అనిత వచ్చి సూది వేసింది. అమ్మకు ఆమె చెయ్యి నచ్చింది, నొప్పే తెలియలేదంది. "కొలువుల చేరి ఎన్నేండ్లయింది బిడ్డా?" అని అడిగింది.

"ఆరేండ్లయితుంది అవ్వా" అంది అనిత, దూది పారేస్తూ.

ఏడు కావలసింది. ఆమె నా వైపు చూడలేదు.  ఎవరు ఎప్పుడు అడిగినా ఆ లెక్కలో ఒకటి తక్కువే ఉంటుంది, ఆ ఒకటి నా దగ్గర ఉంది.