డెల్ఫీన్ ఊదిన సీసా

పంతొమ్మిది వందల ఇరవై ఏడులో, కనెటికట్‌లోని మా ఊరి గడియారాల ఫ్యాక్టరీలో, అంకెలు దిద్దే గదికి డెల్ఫీన్ తిబో పెద్ద. మాలో చాలామందిలాగే ఆమె తల్లిదండ్రులు కూడా కెబెక్ నుంచి వచ్చినవాళ్లే. గడియారాల ముఖాల మీద, చీకట్లో మెరిసే రేడియం రంగుతో అంకెలు దిద్దడం మా పని. కుంచె మొన చెదిరితే పెదవుల మధ్య పెట్టి సన్నం చేసుకోమని నాకు నేర్పింది ఆమే. నాకే కాదు, ఆ గదిలో అందరికీ.

ఆ ఏడు మాతో పనిచేసే రోజాలీకి పన్ను పీకితే గాయం మానలేదు. దవడ ఎముక ముక్కలై ఊడి రాసాగింది. ఆడపిల్లలు పని మానేస్తారేమోనని కంపెనీ తన డాక్టరు ప్రెవిట్‌ని పంపింది. ఆయన అందరి నెత్తురూ తీసుకుని వెళ్లాడు. వారం తిరిగేసరికి గోడ మీద నోటీసు వెలిసింది: అందరూ ఆరోగ్యంగా ఉన్నారని. కింద సాక్షిగా డెల్ఫీన్ సంతకం ఉంది. ఆమె నమ్మే పెట్టింది.

నెల తిరక్కుండానే ఆమెకి తుంటి నొప్పి పట్టుకుంది. తన నెత్తురు పరీక్ష కాయితం ఒక్కసారి చూపించమని డాక్టరుని అడిగింది.

"అవి కంపెనీ కాయితాలమ్మా. నీకెందుకు?" అన్నాడాయన.

"నెత్తురు నాది కదా డాక్టరు గారూ."

ఆయన నవ్వి, ఆమె బయటికి వెళ్లడానికి తలుపు తీసి పట్టుకున్నాడు. ఆ నవ్వుతోనే తన నమ్మకం పోయిందని తర్వాత నాతో చెప్పింది.

అప్పటికే కార్మిక శాఖ పంపగా క్రాంట్జ్ అనే ఆవిడ ఒక పరికరం తెచ్చి రోజాలీ ఊపిరిని పరీక్షించింది. గాజు కిటికీ ఉన్న చిన్న పెట్టె అది. లోపల సన్నటి బంగారు రేకు నిలబడి ఉంటుంది. మామూలు ఊపిరికి రేకు చాలాసేపు నిలుస్తుంది, ఒంట్లో రేడియం చేరినవాళ్ల ఊపిరికి తొందరగా వాలిపోతుంది. రోజాలీ ఊపిరికి వాలిపోయింది. అది ఒంట్లోది కాదు, బట్టలకీ జుట్టుకీ అంటిన దుమ్ము అని కంపెనీ కొట్టిపారేసింది.

ఉద్యోగం పోతుందని తెలిసే డెల్ఫీన్ ఆ సాకుకి విరుగుడు ఆలోచించింది. ఫ్యాక్టరీకి దూరంగా, చర్చి హాల్లో పరీక్ష పెట్టించింది. ముందుగా మేమందరం తలంటి పోసుకుని, నన్‌లు ఇచ్చిన ఉతికిన గౌన్లు తొడుక్కున్నాం. చూడటానికి ప్రెవిట్‌ని కూడా పిలిపించింది.

మొదట ఫ్యాక్టరీ గడప ఎన్నడూ తొక్కని, రొట్టెల కొట్టు నడిపే మదాం పెలెతియే అనే ఆవిడ సీసాలోకి ఊదింది. ఆ గాలిని పెట్టెలోకి పంపారు. రేకు కదల్లేదు. తర్వాత నేను ఊదాను. కిటికీలోంచి చూస్తుంటే నా రేకు మెల్లగా ఒరిగింది. రోజాలీది ఇంకా తొందరగా వాలింది. చివరికి డెల్ఫీన్ ఊదింది. గదికి పెద్దయ్యాక మూడేళ్లుగా ఆమె కుంచె ముట్టలేదు, ఏమీ ఉండదనుకున్నాం. క్రాంట్జ్ గడియారం సరిగ్గా చూసుకునే లోపే రేకు కిందికి పడిపోయింది.

ప్రెవిట్ గొంతు సవరించుకున్నాడు.

"ఈ పెట్టె పాడైనట్టుంది."

"అయితే మీరూ ఊదండి డాక్టరు గారూ," అంది డెల్ఫీన్. "పాడైతే మీకూ పడిపోతుందిగా."

ఆయన చుట్టూ చూశాడు. మేమంతా ఆయన్నే చూస్తున్నాం. కాదనలేక ఊదాడు. క్రాంట్జ్ పాతగాలి తీసేసి, రేకుని మళ్లీ నిలబెట్టి, ఆయన గాలి పంపింది. రేకు నిలబడే ఉంది. ఎంతసేపు చూసినా నిలబడే ఉంది. ఆయన రుమాలుతో మెడ తుడుచుకుని, టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

అయినా ఆయన రిపోర్టులో ఫలితం తేలలేదనే రాశాడు. డెల్ఫీన్‌ని సోమవారమే పనిలోంచి తీసేశారు. తర్వాత కార్మిక శాఖ పెట్టిన విచారణలో ఆమె లేచి, గోడ మీది నోటీసు కింద తన సంతకం తప్పని, కుంచె నోట్లో పెట్టుకోమని నేర్పింది కూడా తనేనని చెప్పింది. కంపెనీ లాయరు, అయితే పాపం నీదేనన్నమాట అన్నాడు. "నా వంతు నాదే," అంది. "మీ వంతు మాట చెప్పండి."

విచారణ రెండేళ్లు నడిచింది. చివరికి కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే రాజీ చేసుకుంది, కుంచె నోట్లో పెట్టడాన్ని నిషేధించింది. రోజాలీ అది చూడకుండానే పోయింది.

ఆ రెండేళ్లూ డెల్ఫీన్ తుంటి నొప్పితో కర్ర పట్టుకుని, పని మానేసి వెళ్లిన ఆడపిల్లల ఇళ్లకి వెళ్లి, పరీక్షకి రమ్మని బతిమాలింది. నేనూ వెంట వెళ్లేదాన్ని. రోజాలీ చెల్లెలు లియా కూడా ఒకప్పుడు మా గదిలోనే పనిచేసింది. వాళ్లమ్మ రెండుసార్లు మా మొహం మీదే తలుపు వేసింది. మూడోసారి వాన పడుతోంది. తలుపు సగం తీసి, "నా పెద్దదానికి నేర్పిన నోటితోనే ఇప్పుడు దీన్ని రమ్మంటున్నావా?" అంది.

"అవునమ్మా," అంది డెల్ఫీన్.

ఆ తల్లి ఆమె ఆనుకున్న కర్ర వైపు చూసింది. తర్వాత లోపలికి తిరిగి, కోటు వేసుకురమ్మని లియాని పిలిచింది.