తులసి కొన్న లెన్సు

తెనాలిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో నేను అకౌంట్సు చూసేదాన్ని. తులసి టైపిస్టుగా చేరేనాటికి నాకక్కడ పదకొండేళ్ళ సర్వీసు. నేను బాపట్ల నుంచి పాసింజరులో వచ్చేదాన్ని, ఆమె రేపల్లె బండిలో దిగేది. ఇద్దరం స్టేషన్లో కలుసుకుని కాలేజీదాకా నడిచి వెళ్ళేవాళ్ళం. దారిలో ఆమె పెద్దగా మాట్లాడేది కాదు. కాలవ గట్టు మీద ఏ పురుగో, రెక్కలదో కనిపిస్తే మాత్రం చటుక్కున ఆగిపోయేది. "ఒక్క నిమిషం అక్కా, పోతుంది" అంటూ వంగి చూసేది. నాకు రిజిస్టర్లో సంతకం టైమైపోతోందని కంగారు.

అప్పటికి ఆమెకు ముప్పై మూడు, ముప్పై నాలుగు ఉంటాయేమో. భర్త బసవేశ్వరరావు రేపల్లె అవతల, కృష్ణ కరకట్టకు దగ్గరగా ఉన్న ఊళ్ళో మూడెకరాలు కౌలుకు చేసేవాడు. అత్తగారు రాజమ్మకు ఉబ్బసం. కూతురు ఏడో తరగతి. తెల్లవారకముందే లేచి ఇంత మందికీ వండిపెట్టి బండెక్కే మనిషికి ఒక సరదా ఉంటుందని ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు.

2007లో కాలేజీవాళ్ళు హాల్‌టికెట్ల ఫొటోలకని చిన్న డిజిటల్ కెమెరా కొన్నారు. ఫొటోలు తీసే పని తులసికి అప్పజెప్పారు. ఒక శనివారం ప్రిన్సిపాల్‌గారిని అడిగి దాన్ని ఇంటికి తీసుకెళ్ళింది. సోమవారం పొద్దున్నే నా కంప్యూటర్లో ఒక బొమ్మ తెరిచి చూపించింది. పెరట్లో చిక్కుడు పందిరి తీగ మీద తూనీగ. రెక్కల నిండా మంచు బొట్లు. ఒక్కో బొట్టులో ఆకాశం ముక్క కనబడుతోంది. ఆఫీసంతా నా కుర్చీ వెనక చేరింది. అటెండరు కూడా కాఫీ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"నువ్వు తీశావా?" అన్నాను.

"అది ఎగిరిపోకుండా కూర్చుందక్కా. నేనేం చెయ్యలేదు" అంది. మొహం ఎర్రబడిపోయింది. ఆమెను అంత సంతోషంగా చూడడం నాకదే మొదటిసారి.

ఆ తర్వాత సంక్రాంతి సెలవులు అయిపోగానే బోసు రోడ్డులో ఉన్న ఒక కెమెరా షాపుకి నన్ను తోడు తీసుకెళ్ళింది. షాపులో ఒక మూల చిన్న బల్ల వేసుకుని ఫైనాన్సు కంపెనీ కుర్రాడు కూర్చుని ఉన్నాడు. పేరు మనోజ్. ఇస్త్రీ చొక్కా, మెడలో ట్యాగు, మాటలో మంచి మర్యాద.

"వడ్డీ ఏం ఉండదు మేడం. ఇవాళ పట్టుకెళ్ళండి, వచ్చే నెల నుంచి కట్టుకోండి. పన్నెండు చెక్కులు సంతకం పెట్టిస్తే చాలు, మీరు మళ్ళీ ఇటు రానక్కర్లేదు" అన్నాడు.

జీతం ఆరువేల ఎనిమిది వందలు. అందులో రెండువేల పైచిలుకు దీనికి పోతుంది. నేను మోచేత్తో పొడిచాను. తులసి చూసుకోలేదు. అద్దాల బీరువాలో నల్లగా మెరుస్తున్న కెమెరా మీదే ఉన్నాయి ఆమె కళ్ళు. పన్నెండు చెక్కుల మీదా సంతకాలు పెట్టింది.

నిజం చెప్పాలి, ఆ ఏడాదంతా ఒక్క చెక్కూ తప్పలేదు. టిఫిన్ మానేసింది. రైలు పాసుకి తప్ప దారి ఖర్చు పెట్టలేదు, రిక్షా ఎక్కలేదు. దసరాకి చీర కొనుక్కోలేదు. ఆదివారాలు మాత్రం ఆమెవి. తొలకరిలో మట్టి మీద పాకే ఎర్రటి ఆరుద్ర పురుగును తీసిన ఫొటో ఒక దినపత్రిక జిల్లా పేజీలో వేశారు. కింద 'ఫొటో: తులసి, రేపల్లె' అని అచ్చయింది. ఆ పేపరు బసవేశ్వరరావు నాలుగు కాపీలు కొన్నాడట. ఎందుకని అడిగితే చెప్పలేదట.

వాయిదాలు అయిపోయిన కొద్ది నెలలకు మనోజ్ ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"తులసక్కా, మీరు వాయిదాలు కట్టిన తీరు చాలా బాగుంది. ఇప్పుడు మీకు ఇంకో ముప్పై వేల దాకా ఇస్తాం. షాపులో పురుగుల్ని తీసే లెన్సొచ్చిందట, మీకోసమే తెప్పించాననుకోండి."

ఆ లెన్సుంటే చీమ కన్ను కూడా తీయొచ్చట. తులసి వారం రోజులు దాని గురించే ఆలోచించింది. అయితే ఈసారి హామీ సంతకం కావాలన్నారు. నా దగ్గరికి వచ్చింది. ఆమె ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడిగిన మనిషి కాదు. అందుకే వద్దనడానికి నాకు నోరు రాలేదు. పెట్టాను. లెన్సు, ఫ్లాషు కలిపి నెలకు రెండువేల ఆరు వందల చొప్పున పన్నెండు నెలలు. 2009 మే నెలలో మొదటి చెక్కు పడింది.

అక్టోబరులో కృష్ణకు వరద వచ్చింది.

కరకట్ట తెగుతుందన్న మాట ఊళ్ళోకి వచ్చేసరికి మధ్యాహ్నమైందట. తర్వాత జరిగింది తులసే నాకు చెప్పింది, చాలా రోజులకి, స్టేషన్ బెంచీ మీద కూర్చుని. బసవేశ్వరరావు బియ్యం బస్తాలు ట్రాక్టరులోకి ఎక్కిస్తున్నాడు. కూతురు పుస్తకాల సంచి పట్టుకుంది. రాజమ్మను మంచంతో సహా ఎత్తారు. తులసి లోపలికి పరుగెత్తి పైఅరలో ఉన్న కెమెరా సంచిని పాలిథిన్ కవర్లో చుట్టి గుండెలకు హత్తుకుని వచ్చి ట్రాక్టరెక్కింది. ఊరి పొలిమేర దాటేసరికి వెనక ఊళ్ళోకి నీళ్ళు ఎక్కేశాయి, రాజమ్మకు ఆయాసం మొదలైంది.

"మందుల డబ్బా ఏదే తులసీ?" అన్నాడు భర్త.

మందుల డబ్బా వంటింటి కిటికీలోనే ఉండిపోయింది.

ఆయన ట్రాక్టరు దిగి మొలలోతు నీళ్ళలో వెనక్కి వెళ్ళాడు. గంటన్నర పట్టింది రావడానికి. ఆ గంటన్నరా రాజమ్మ రొప్పుతూ కోడలి ఒళ్ళో ఉన్న సంచి వంక చూస్తూ ఉందట. ఆయన వచ్చి డబ్బా తల్లి చేతిలో పెట్టాడు. తులసిని ఒక్క మాట అనలేదు.

"తిట్టినా బాగుండేదక్కా" అంది తులసి. "ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నాకే పొద్దస్తమానం అదే కళ్ళముందు."

ఐదు రోజులు రేపల్లెలో ఒక బడిలో ఉండి ఇంటికి వెళ్ళేసరికి గదుల నిండా మోకాలి లోతు ఒండ్రు. పంట మొత్తం కుళ్ళిపోయింది. కౌలుకి ఇచ్చిన డబ్బు వెనక్కి రాదు. నష్టపరిహారం రాసుకెళ్ళినవాళ్ళు పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళ పేరే రాసుకెళ్ళారు. ఇక ఇల్లంతా తులసి జీతం మీదే నడవాలి. నవంబరు చెక్కు వెనక్కి వచ్చింది. డిసెంబరుదీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ బ్యాంకువాళ్ళు కొంత, కంపెనీవాళ్ళు కొంత జరిమానా వేశారు.

అమ్మేద్దామని అప్పుడు కెమెరా సంచి తెరిచింది. వరద తర్వాత దాన్ని ముట్టుకోలేదు, తడి గోడల మధ్య బీరువాలోనే పడి ఉంది. లెన్సులోకి చూస్తే లోపల అద్దం మీద సన్నటి దారాల్లాంటి బూజు. షాపువాడు దాన్ని వెలుతురుకి పట్టి చూసి పెదవి విరిచాడు.

"మద్రాసు పంపాలమ్మా. ఎనిమిది తొమ్మిది వేలవుతుంది. బూజు పోతుందని గ్యారంటీ ఇవ్వలేను. ఇలా అయితే ఎవరూ కొనరు."

మనోజ్ ఆఫీసుకి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. తులసి సంచి అతని ముందు పెట్టింది.

"తమ్ముడూ, ఇది మీరే తీసేసుకోండి. కట్టిన డబ్బులు కూడా అడగను."

"మాకు లెన్సులెందుకక్కా? షాపువాళ్ళకి డబ్బు ఎప్పుడో ఇచ్చేశాం. మీరు మాకు బాకీ, అంతే."

"వరదొచ్చింది కదా. రెండు నెలలు ఆగలేరా?"

"నా చేతుల్లో ఉంటే ఆగనా? లిస్టు పైనుంచి వస్తుంది. వసూలు కాకపోతే నా జీతంలో కోస్తారు." అతను తల దించుకునే మాట్లాడాడు. లేస్తూ నా వైపు తిరిగి, "మేడం, హామీ మీది కాబట్టి ఇకనుంచి మీకూ ఫోన్లు వస్తాయి. చేసేవాళ్ళు వేరే, హైదరాబాదు నుంచి. వాళ్ళు నాలా మాట్లాడరు" అన్నాడు.

నిజంగానే వాళ్ళు అతనిలా మాట్లాడలేదు. బాపట్లలో మా ఇంటికి పొద్దున్న ఏడింటికే ఫోన్. మా ఆయన ఎత్తితే ఆయన్నీ వదల్లేదు. "సంతకం పెట్టేటప్పుడు తెలీదా?" అని అరిచేవాళ్ళు. నాలుగో రోజున, ఆఫీసులో అందరూ ఉండగా, నేను తులసితో అనేశాను:

"మనలాంటివాళ్ళకి ఈ సరదాలెందుకే? అత్తగారి మందులు కూడా మర్చిపోయేంత సరదానా?"

స్టేషన్లో నమ్మి చెప్పిన మాటను నలుగురిలో ఆమె మీదే విసిరాను. అంటున్నప్పుడే తెలుస్తోంది, అయినా ఆగలేకపోయాను. తులసి టైపు చేస్తున్నది ఆపలేదు. ఆ కాగితం తర్వాత నా బల్ల మీదకి వచ్చింది. అందులో ఒక్క తప్పు కూడా లేదు.

మర్నాటి నుంచి స్టేషన్లో నా కోసం ఆగడం మానేసింది. కాలేజీ అయ్యాక ఒక డీటీపీ సెంటరులో ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేసి, ఆఖరి రేపల్లె బండికి వెళ్ళేది. కెమెరా బాడీని కర్లపాలెంలో పెళ్ళిళ్ళు తీసే అతనికి నాలుగు వేలకు ఇచ్చేసింది. చేతిలో కెమెరా లేదు, లెన్సుకు చూపు లేదు, వాయిదా మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖుకి తయారు. నేను సాయం చేస్తానంటే, "వద్దండి" అంది. ఆ 'అండి' నాకు ముల్లులా గుచ్చుకుంది. మూడేళ్ళుగా నేనామెకు అక్కనే.

2010 జూలైలో జరిమానాలతో సహా అంతా తీరింది. కంపెనీవాళ్ళిచ్చిన కాగితం జిరాక్సు ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మీ పేరు తీసేశారండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత దీపావళి ముందు ఒక ఆదివారం బసవేశ్వరరావు బాపట్లలో మా ఇంటికి వచ్చాడు. అంతకుముందు ఆయన్ని రెండు మూడుసార్లు స్టేషన్లో చూశానంతే. వీధి వరండాలోనే కూర్చుంటానన్నాడు. సంచిలోంచి పాత తువ్వాల్లో చుట్టిన లెన్సు తీశాడు.

"దీన్ని బాగుచేయించాలండి అక్కగారూ. కెమెరా సంగతి తర్వాత చూసుకుంటాను. మినుములు అమ్మిన డబ్బులో తొమ్మిది వేలు పక్కన పెట్టాను. నాకు ఆ షాపుల సంగతి తెలీదు. మీరైతే మాట్లాడగలరు."

"తులసి అడిగిందా?"

"లేదండి. తను దాని పేరే ఎత్తదు. ఆదివారాలు ఊరికే గుమ్మంలో కూర్చుంటుంది. నేనేం మాట్లాడాలో నాకు తెలీట్లేదు."

మరుసటి రోజు నేను లెన్సుని షాపుకి పట్టుకెళ్ళాను. వాడు మద్రాసు పంపాడు. మూడు వారాలకు తిరిగొచ్చింది. బూజు అద్దాన్ని తినేసిందట, తుడిచినా మచ్చలు పోవట, ఆ అద్దం మార్చడం కన్నా కొత్తది కొనడం నయమట. పరీక్షకని మూడు వందలు తీసుకున్నారు. కొత్తదైతే వాయిదాల్లో ఇప్పిస్తానన్నాడు షాపువాడు. నేను లెన్సు సంచిలో వేసుకుని బయటికి వచ్చేశాను.

బసవేశ్వరరావుకి ఫోన్ చేసి చెప్పాను. అవతల ట్రాక్టరు చప్పుడు వినిపిస్తోంది.

"పోన్లెండి," అన్నాడు. "నేను వచ్చినట్టు తనకి చెప్పకండి. మళ్ళీ ఆశపడుతుంది."

సరేనన్నాను. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర తులసి నాకు ఎదురుగా కూర్చుని ఉంది. డబ్బా మూత తీస్తూ, పరీక్ష ఫీజుల లిస్టు రేపటికి కావాలా, ఎల్లుండికా అని అడిగింది. ఎల్లుండికి చాలన్నాను. ఇంకేదో చెప్పాలని నోరు తెరిచాను. ఆమె తలెత్తి చూసింది. నేను మంచినీళ్ళు తాగి లేచిపోయాను.