ముస్తఫా భాయ్ బిడ్డ పెళ్లికి నేను పెద్దనైన వైనం

పిలవని పేరంటానికి వెళ్లినవాళ్లను మీరు చూసే ఉంటారు. తనను ఇంకా పిలవని పెళ్లికి, తన పేరు మీద ఊరందరినీ పిలిచినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే. ఐదారేళ్ల కిందటి మాట. నా పుణ్యమా అని ఒక నిఖా ఆగిపోబోయింది, ఒక పెద్దమనిషి అన్నం మానేశాడు, నా దుకాణానికి తాళం పడేంత పనైంది. చెబుతాను, నవ్వుకోండి. మా ఆవిడ సుగుణ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది కాబట్టి మీరు నవ్వితే కొత్తగా పోయే పరువేమీ లేదు.

నయాపూల్ దాటి చార్మినార్ వైపు వస్తుంటే ఛత్తాబజార్‌లో నాదొక పెళ్లికార్డుల దుకాణం. అప్పటికే తెలుగులో, ఉర్దూలో ఇరవై ఏళ్లుగా కార్డులు వేయిస్తున్నాను. అలాంటి నా దగ్గరికి లాడ్‌బజార్‌లో గాజులమ్మే ముస్తఫా భాయ్ వచ్చాడు. ఆయన బిడ్డ పెళ్లి.

"యాదగిరి భాయ్, కాగితం కార్డులు కొన్నే చాలు. నాకు ఫోన్ల పంపేది కావాలె. బొమ్మలు కదలాలె. అయితదా నీతోని?"

"గదెంత పని భాయ్. నేను చేస్త గద."

బొమ్మను కదిలించడం దేవుడెరుగు, కంప్యూటర్ తెర మీద బాణాన్ని కదిలించడమే నాకు కష్టం. అయినా ఒప్పుకున్నాను. వచ్చిన బేరాన్ని పక్క దుకాణానికి పంపితే ఛత్తాబజార్‌లో పాపం అంటారు.

అప్పుడు దొరికాడు సమీర్. బార్కస్‌లో ఉంటాడు. ఒకరి కింద ఉద్యోగం చేయడు, ఎవరు పని ఇస్తే వాళ్లకు ఇంట్లో కూర్చుని యానిమేషన్ చేసి పెడతాడు. నెమ్మదైన మనిషి. నేను టైపు చేయలేను కాబట్టి ఏం కావాలన్నా ఫోన్లో మాట రికార్డు చేసి పంపేవాణ్ణి. "సరే అన్నా" అని జవాబు వచ్చేది. అంత మర్యాదస్తుడి మీద కుళ్లు ఎలా పుట్టిందని మీరడగొచ్చు. కుళ్లుకు మర్యాదతో పనేముంది?

వారం తిరక్కుండా సమీర్ ల్యాప్‌టాప్ పట్టుకుని దుకాణానికి వచ్చాడు. ముస్తఫా భాయ్ కూడా అక్కడే ఉన్నాడు. తెర మీద గాజుల డబ్బా తెరుచుకుంది. ఒక ఎర్ర గాజు జారి లాడ్‌బజార్ సందులోకి దొర్లింది. ఆటోలు దానికి దారిచ్చాయి. ఒక మేక దాని వెంట పరుగెత్తి, దాన్ని కొమ్ముకు తగిలించుకుని, చార్మినార్ కమాను కింద నుంచి ఠీవిగా నడిచి పెళ్లి హాలు ముందు నిలబడింది. ఆ గాజు విచ్చుకుని దీపాల తోరణమైంది.

ముస్తఫా భాయ్ మూడుసార్లు చూశాడు. "మాషా అల్లా. ఏం మేక పెట్టినవ్ తమ్మీ" అన్నాడు. ఎదురుగా ఉన్న చాయ్ హోటలాయన గల్లా వదిలి వచ్చి చూశాడు. ఇరవై ఏళ్లలో నాకు ఒక్కసారి కూడా మలాయి వేయని మనిషి సమీర్‌కు మలాయి వేసిన చాయ్ పంపించాడు. సుగుణకు చూపిస్తే ఆమె ఇంకా ఘోరం.

"ఆయనకు మస్తు తెలివున్నది. నువ్వు ఇన్నేండ్లల్ల గిసొంటిది ఒక్కటన్న చేసినవా?"

"నేను కార్డులు చేస్తనే. మేకలు కాదు."

"అదే అంటున్న."

ఇక నాకు కుళ్లు పుట్టింది. దాన్ని పుస్తకాల్లో అసూయ అంటారు, మా బజారులో జలన్ అంటారు. ఆ వారం నాకు రెండూ కలిపి పట్టుకున్నాయి. చివరికి ఆ మేకను చూసినా మండింది. మేకను తీసెయ్యమని సమీర్‌కు చెప్పాను. "అన్నా, అంతా మేక మీదనే నడుస్తున్నది" అన్నాడు. ముస్తఫా భాయ్‌ని అడిగితే, "కావాల్నంటె పెండ్లికొడుకును తీసెయ్ భాయ్, మేకను ముట్టకు" అన్నాడు.

ఇక నాకు మిగిలింది ఒక్కటే. వీడియోలో ఓ మూల చీమంత అక్షరాల్లో సమీర్ పేరుంది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. బొమ్మ ఒకడిదైనప్పుడు సోకు నాదెందుకు కాకూడదు అనుకున్నాను. ఆ పేరు తీసేసి, ఆఖరి తెర మీద నా పేరు, నా దుకాణం నంబరు పెట్టమని మాట రికార్డు చేసి పంపాను. ఎంత పెద్దగా పెట్టాలో కూడా చెప్పాను. వెంటనే సమీర్ ఫోన్ చేశాడు.

"అన్నా, ఆఖరి స్క్రీన్ల చష్మ్ బరాహ్ ఉన్నది. గక్కడ వద్దన్నా."

"పని నువ్వు ఇచ్చినవా, నేను ఇచ్చిన్నా?"

"నువ్వే ఇచ్చినవ్."

"మరి పెట్టు."

ఇక్కడ ఆగి ఒక ముచ్చట చెప్పాలి. ఉర్దూ కార్డుల చివర చష్మ్ బరాహ్ అని రాసి, దాని కింద కొన్ని పేర్లు వేస్తారు. మీరెప్పుడొస్తారా అని దారి వైపు కళ్లు పెట్టుకుని ఎదురుచూసేవాళ్లని అర్థం. అంటే ఇంటి పెద్దలన్నమాట. పెళ్లి హాలు మారినా సర్దుకుంటారు గాని, ఆ పేర్ల వరుస మారితే అన్నదమ్ములు విడిపోతారు. ఈ సంగతి ఛత్తాబజార్‌లో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ఎన్నో పంచాయితీలు నా బల్ల మీదే తీర్చాను. అయినా కందకు లేని దురద ఈ కత్తిపీటకు పుట్టింది.

మార్చిన వీడియోను తెరిచి చూడకుండానే ముస్తఫా భాయ్‌కి పంపి, "ఇదే ఆఖరిది" అన్నాను. అంతకుముందే ఎన్నోసార్లు చూశాడు కాబట్టి ఆయనా మళ్లీ తెరవకుండానే చుట్టాలందరికీ పంపేశాడు.

మర్నాడు పొద్దున్నుంచి నా ఫోన్ మోగడం మొదలైంది. ఆర్డర్లనుకుని గొంతు సవరించుకున్నాను.

"యాదగిరి సాబ్, హాల్ కాడ పార్కింగ్ ఉన్నదా?"

"ఏ హాల్ అండి?"

"మీ ఇంట్ల పెండ్లి గద. నేను పెండ్లికొడుకు మేనమామను."

తర్వాత ఒకామె ఆడవాళ్ల దర్వాజా ఎటువైపో అడిగింది. ఇంకొకాయన విందులో ఖుబానీ కా మీఠా ఉంటేనే వస్తానన్నాడు. పదో ఫోన్‌కు వీడియో తెరిచి చూశాను. చష్మ్ బరాహ్ అన్న మాట కింద, అన్నిటికంటే పైన, సినిమా పోస్టరంత లావుగా యాదగిరి. నా కింద చిన్న అక్షరాల్లో ముస్తఫా భాయ్ అన్న హమీద్ సాహెబ్. ఆయన కింద మిగతా ఖాందాన్, కుటుంబం కుటుంబమే, నలిగిపోయి ఉంది.

అంతలోనే ముస్తఫా భాయ్ వచ్చాడు. అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా మాట్లాడాడు.

"మా అన్న తింటలేడు భాయ్. నాకన్న పెద్ద ఇంకొకడు దొరికిండు గద, ఆయనతోనే నిఖా చేయించుకోండ్రి, నేను రాను అంటున్నడు. నా బిడ్డను పెంచిందే ఆయన. బడే అబ్బా రాకుంటె నేను నిఖాకు కూసోను అని పిల్ల ఏడుస్తున్నది. నువ్వు పోయి తీసుకరావాలె. లేకుంటె లాడ్‌బజార్‌ల ఒక్కడు కూడ నీ దుకాణం ఎక్కడు."

తప్పు పంచుకోవడానికి మనిషి కావాలి కదా, సమీర్‌ను వెంటబెట్టుకుని మొగల్‌పురాలో హమీద్ సాహెబ్ ఇంటికి వెళ్లాను. ఆయన బస్సు కండక్టరుగా జిల్లాలన్నీ తిరిగిన మనిషి, తెలుగు నాకంటే ధాటిగా మాట్లాడతాడు.

"రాండ్రి, రాండ్రి. ఖాందాన్‌కు పెద్దమనిషి వచ్చిండు, కుర్సీ ఎయ్యండ్రి" అన్నాడు. "మాకు ఏ తరఫు చుట్టం నువ్వు? మా అబ్బాకు తెల్వకుండ పుట్టినవా?"

"మాఫ్ చెయ్యండి సాబ్. నాకేం తెల్వది" అన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నా వేలు దానంతటదే సమీర్ వైపు తిరిగింది. "బొమ్మలు చేసిందంత ఈయననే. గీయనే పెట్టిండు."

సమీర్ జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, ఒకచోట నొక్కాడు. గదిలో నా గొంతు ఖంగుమంది.

"సమీర్, మూలకున్న నీ పేరు తీసెయ్. ఆఖరి స్క్రీన్ల నా పేరు పెట్టు. అందరికన్న మీద, అందరికన్న లావుగ. ఎవలన్న అడిగితె బొమ్మలు నేనే చేసిన అని చెప్త. నువ్వు నోరు తెరవకు."

హమీద్ సాహెబ్ మళ్లీ ఒకసారి పెట్టించుకుని విన్నాడు. మూడోసారి విన్నప్పుడు ఆయన భుజాలు కదిలాయి. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు.

"గంతేనా? గిది జలన్ ముచ్చటనా? నేనింక మా తమ్ముడే నన్ను పక్కకు పెట్టిండనుకున్న" అన్నాడు. లోపలికి తిరిగి కేకేశాడు. "అన్నం పెట్టుండ్రి, ఆకలైతున్నది."

నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. తొందరపడ్డాను.

"నేను నిఖాకు వస్త. కాని చష్మ్ బరాహ్ అని రాసుకున్నవ్ గద, మాట మీద నిలబడు. హాల్ దర్వాజ కాడ నువ్వే నిలబడి అందరిని రమ్మనాలె. బొమ్మలు ఎవరు చేసిన్రని ఎవరడిగినా నీ నోటితోనే ఈ పిల్లగాని పేరు చెప్పాలె. ఈయన నా పక్కన కూసుంటడు."

పెళ్లినాడు ఏడు గంటలకల్లా వెళ్లి దర్వాజా దగ్గర నిలబడ్డాను. కార్డులో ఏడు అని ఉంటే ఏడింటికే వచ్చేది పాతబస్తీలో లైట్లు పెట్టే కరెంటాయన ఒక్కడే. ఆయనకే మొదటి సలాం చేశాను. తర్వాత జనం వరదలా వచ్చారు. వచ్చినవాళ్లందరికీ అత్తరు రాశాను, చేతులు కలిపాను, ముగ్గురు ముసలివాళ్లు నన్ను వాటేసుకుని బిడ్డ పెళ్లికి ముబారక్ చెప్పారు. ప్రతి రెండోవాడూ అదే ప్రశ్న.

"ఆ మేక ఎవరు చేసిన్రు భాయ్?"

"సమీర్ అని, బార్కస్. అగో, స్టేజీ కాడ హమీద్ సాబ్ పక్కన తింటున్నడు."

మొదటిసారి ఆ పేరు నాకే వినపడనంత మెల్లగా చెప్పాను. యాభయ్యోసారికి అలవాటైంది. ఆ తర్వాత వాళ్లు అడగకముందే చెప్పేస్తున్నాను. ఇరవై ఏళ్లలో నా దుకాణం గురించి నేనంత గట్టిగా ప్రచారం చేసుకోలేదు.

దాని ఫలితం ఇప్పుడు అనుభవిస్తున్నాను. సమీర్ నా ఎదురుగానే, చాయ్ హోటల్ పైన, గది తీసుకున్నాడు. మెట్ల మీద జనం వరుస కడతారు. వాళ్లలో ఎవరికైనా కాగితం కార్డులు కూడా కావాల్సివస్తే, మంచి మనసుతో కిటికీలోంచి నన్ను చూపిస్తాడు. "గాయన దగ్గరికి పోండ్రి, యాదగిరి అన్న. నాకు మొదట్ల మస్తు పేరు తెచ్చిండు" అంటాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, అదే నా బాధ.

కనుక పాఠక మహాశయులారా, నా కత్తెర సాక్షిగా, జిగురు డబ్బా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఇంకొకరు చేసిన పని మీద నా పేరు పెద్ద అక్షరాల్లో వేసుకోను. చిన్న అక్షరాల్లో, ఓ మూలగా, ఎవరికీ అడ్డం రాకుండా వేసుకోవచ్చా అన్నది మాత్రం సుగుణను అడిగి చెబుతాను.