మా అత్త కత్తిపీటకి నేను పట్టిన సాన

కత్తులు నూరే మిషన్ సొంతానికి కొనుక్కున్న మనిషి కొవ్వూరులో నేను తప్ప ఇంకొకడు లేడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. రోజూ గోదావరి దాటి వెళ్ళి రావడం, సాయంత్రం ట్యూషన్లు, ఇంతే జీవితం. ఒకసారి ఏదో పని మీద మద్రాసు వెళ్ళి, అక్కడ పనిముట్ల దుకాణంలో ఆ మిషన్ తిరుగుతుంటే చూసి మనసు పారేసుకున్నాను. లారీ పార్సిల్లో తెప్పించాను. పెట్టె విప్పుతుంటే ఎదురింటాయన గేటు దగ్గర నిలబడి, "ఏం మాస్టారూ, పాఠాలు మానేసి సాన బేరం పెడుతున్నారాండీ?" అన్నాడు. నవ్వేశాను గానీ లోపల మండింది.

అది సైకిలు మీద వీధుల్లో తిరిగే సాన చక్రంలాంటిది కాదు. పెద్ద రాతి చక్రం, కింద నీళ్ళ తొట్టి. చక్రం సగం నీళ్ళలో మునిగి, నింపాదిగా తిరుగుతుంది. నిప్పురవ్వలు రాలవు, ఇనుము వేడెక్కదు. రెండో వైపు తోలు చక్రం, చివర్లో నునుపు తేవడానికి. వీటన్నిటికంటే నాకు ముద్దొచ్చినవి జిగ్గులు. కత్తిని బిగించి పట్టుకునే చట్రాలన్నమాట. ఒకటి వంటింటి కత్తికి, ఒకటి కత్తెరకి, ఒకటి ఉలికి. కత్తిని జిగ్గులో బిగించి, ఎన్ని డిగ్రీల వాలు కావాలో కొలబద్దతో చూసి కడ్డీ మీద ఆనిస్తే చాలు, చెయ్యి వణికినా వాలు మారదు. మనిషి నైపుణ్యంతో పని లేదు. దాంతో వచ్చిన సీడీలో అలాగే చెప్పాడు, నేనూ అందరికీ అలాగే చెప్పేవాణ్ణి.

నెల తిరిగేసరికి మా వీధిలో ఆడవాళ్ళంతా కొంగు చాటున కత్తులు పట్టుకుని మా వసారాలోకి రావడం మొదలుపెట్టారు. నూరిన కత్తితో కాగితం కోసి చూపించేవాణ్ణి. ముంజేతి మీద వెంట్రుకలు గొరిగి చూపించేవాణ్ణి. "అమ్మో, మాస్టారూ!" అని వాళ్ళు బుగ్గలు నొక్కుకుంటే నాకు కడుపు నిండిపోయేది. నా మొహం, ముప్పై అయిదేళ్ళ మగవాణ్ణి, కాలేజీలో పిల్లలు ఎవరూ నా పాఠం వినేవారు కాదు, వసారాలో మాత్రం హీరోని.

ఇక మా అత్త. నాన్నగారి అక్క. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోతే, నన్ను పెంచింది ఆవిడే. నేను మిషన్ కొన్ననాటికి ఆవిడకి డెబ్భై దాటాయి. ఒక కంటికి శుక్లం తీస్తే అది సరిగ్గా కుదరలేదు, రెండో కంటికి ఒప్పుకోలేదు. మనిషి ఆకారం పోల్చుకునేది గానీ మొహం ఆనేది కాదు. పొయ్యి దగ్గరికి రావడం మా ఆవిడ ఎప్పుడో మాన్పించింది. నీళ్ళు తోడటం నాన్నగారు మాన్పించారు. ఆవిడకి ఇంట్లో మిగిలిన పని ఒక్కటే, కూరలు తరగడం.

ఆ పని మాత్రం ఆవిడ చేసినట్టు ఇంకెవరూ చేసేవారు కాదు. కత్తిపీట పలక మీద కాలు మడిచి కూర్చుని, రెండు చేతుల్తో కాయని కత్తి వైపు తోసేది. ముక్క తెగాక కత్తి అంచు బొటనవేలికి తగిలి ఆగేది. ఆ తగలడమే ఆవిడకి కొలత. నలభై ఏళ్ళ నుంచి అదే కత్తి, అదే వేలు. అరటిదూట తరిగితే చూడాలి. ఒక చక్రం కోసి, వచ్చిన పీచుని చూపుడువేలికి చుట్టుకుని, మళ్ళీ ఇంకో చక్రం కోసి మజ్జిగ నీళ్ళలో వేసేది. మాట్లాడుతూనే ఉండేది, ఒక్క ముక్క లావుగా పడేది కాదు. "పెద్దమ్మగారు తరిగితేనే దూట కూర" అనేది మా ఆవిడ. అత్తకి ఆ మాట వింటే ఎంత సంతోషమో! ఇంట్లో నా అవసరం ఇంకా ఉంది అన్నట్టు మొహం విప్పారేది.

ఆ కత్తిని అత్త ఎవరి చేతా సాన పట్టించేది కాదు. నెలకోసారి తనే గడప రాయి మీద నాలుగు రుద్దులు రుద్దుకునేది. నేను ఊరుకుంటానా?

"ఇలా ఇయ్యత్తా, అయిదు నిమిషాల్లో మంగలి కత్తి చేసిస్తాను."

"నాకు మంగలి కత్తెందుకురా? ఇది నా చేతికి తెలిసిన కత్తి. నువ్వు ముట్టుకోకు."

"వీధిలో వాళ్ళందరివీ నూరుతున్నాను, మన ఇంట్లో కత్తి మొద్దుగా ఉంటే నాకెంత నామర్దా?"

"నీ నామర్దా కోసం నేను వేళ్ళు పోగొట్టుకోవాలేంటి? ఫో అవతలకి" అని నవ్వింది. ఇంత స్పష్టంగా చెప్పింది. తెలియక చేశానని అనుకోవడానికి కూడా నాకు వీల్లేకుండా చెప్పింది.

ఆషాఢంలో మరిడమ్మ జాతరకని అత్తని పెద్దాపురం నుంచి బంధువులు వచ్చి తీసుకెళ్ళారు. రెండు రోజులు. వాళ్ళ ఆటో సందు మలుపు తిరిగిందో లేదో నేను కత్తిపీట మేకులు ఊడదీస్తున్నాను. కొక్కెంలా వంగిన కత్తి ఏ జిగ్గులోనూ ఇమడలేదు. పట్టుదల వచ్చేసింది. టేకు ముక్క చెక్కి, రెండు బోల్టులు పెట్టి, ఆ వంపుకి సరిపడా నేనే ఒక జిగ్గు చేశాను. కాలేజీకి సెలవు పెట్టి మరీ చేశాను. పదిహేను డిగ్రీల వాలు. అంత సన్నని అంచు ఇంట్లో కూరలు తరిగే కత్తికి అక్కర్లేదని ఏ గృహిణికైనా తెలుస్తుంది, ఫిజిక్స్ మాస్టారికి తెలియలేదు. తోలు చక్రం మీద నునుపు తెచ్చాక కాగితాన్ని ఆనిస్తే చప్పుడు లేకుండా రెండయింది. మళ్ళీ పీటకి బిగించి, యథాస్థానంలో పెట్టేశాను. రోజూ ఎవరివో కత్తులు నూరుతూనే ఉంటాను గనక ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, నేనూ చెప్పలేదు. అత్త వచ్చి మొదటి ముక్క కోసి "అబ్బ!" అనాలి, అది వినాలి. అంతకంటే ఏ ఆలోచనా లేదు నాకు.

వచ్చిన మర్నాడు ఆదివారం. మా ఆవిడ దూట చెక్కి అత్త ముందు పెట్టింది. నేను వసారాలో పేపరు అడ్డం పెట్టుకుని చెవులు రిక్కించి కూర్చున్నాను. అత్త జాతర కబుర్లు చెబుతోంది. "అబ్బ" అని వినపడలేదు. మా ఆవిడ కేక వినపడింది.

"అయ్యో పెద్దమ్మగారూ, చెయ్యి! మీ చెయ్యి!"

పరిగెత్తాను. మజ్జిగ గిన్నె ఎర్రగా ఉంది. అందులో దూట చక్రాలు తేలుతున్నాయి. ఎడమచేతి బొటనవేలు లోపలి వైపు ఎముక దాకా తెగింది. అత్త కేక కూడా వెయ్యలేదు, ఆ పదునికి తెగినట్టే తెలిసి ఉండదు. తువ్వాలు చుట్టి రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

డాక్టరు కుట్లు వేస్తూ, వేలు వంచే నరం తెగిందని, ఇంక పూర్తిగా వంగకపోవచ్చని చెప్పాడు. "ఎలా తెగిందండి?" అని అడిగాడు.

నేను నిజం చెప్పాల్సిన చోటు అదే. చెప్పలేదు. "చూపు ఆనదండి ఆవిడకి. కూరలు తరగొద్దన్నా వినరు" అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ నాకు అసహ్యం వేస్తుంది. అత్త మొహం నా వైపు తిప్పింది. నన్ను చూసిందో లేదో తెలియదు.

ఇంతటితో ఆగినా మనిషిననిపించుకునేవాణ్ణి. ఇంటికొచ్చి అత్తని మంచం మీద పడుకోబెట్టాక, నంగనాచిలా కత్తిపీట పట్టుకుని దొడ్లోకి వెళ్ళాను. బట్టలుతికే బండ మీద అంచుని అడ్డంగా పెట్టి బరబరా రుద్దాను, పదును మొత్తం చచ్చేదాకా. అరటి కర అంటి మెరుపు అప్పటికే నల్లబడింది. ఎవరూ అడగకుండానే దొంగలా సాక్ష్యం చెరిపేశాను.

సాయంత్రం నాన్నగారు ఆ కత్తిపీట ముందేసుకుని అంచు మీద వేలు పెట్టి చూశారు. మళ్ళీ చూశారు.

"దీనికి పదునెక్కడుందిరా? ఈ మొద్దు కత్తికి అంత లోతు తెగిందంటే, ముక్క ఎక్కడుందో వేలెక్కడుందో అక్కకి తెలియడం లేదన్నమాట. ఇంక ఈ పని వద్దు. అటకెక్కించెయ్."

అటక మీద పెట్టింది కూడా నేనే. నిచ్చెన మీద నిలబడి ఉన్నాను, కింద నాన్నగారు పట్టుకున్నారు. ఆ ఒక్క నిమిషంలో చెప్పెయ్యొచ్చు. కత్తిపీటని అటక లోపలి మూలకి తోసి దిగిపోయాను.

కట్టు విప్పాక అత్త రెండు మూడుసార్లు అడిగింది. "చిక్కుడుకాయలైనా ఈనె తీస్తానే, ఇలా పడెయ్" అని మా ఆవిణ్ణి. మా ఆవిడ మంచిదే, భయంకొద్దీ, "వద్దులెండి పెద్దమ్మగారూ, మీరు కూర్చోండి" అనేది. మార్కెట్లో కొన్న చిన్న కత్తితో, చెక్క మీద తనే గబగబా తరిగేసుకునేది. అత్త వసారాలో కుర్చీలో కూర్చునేది. పని లేని చేతులు ఒడిలో ఎలా పెట్టుకోవాలో తెలియక, చీర అంచు మడత పెడుతూ విప్పుతూ ఉండేది. అది చూడలేక నేను వసారాలోంచి మిషన్ తీసి గదిలో పెట్టి గోనె కప్పేశాను. ఎవరైనా కత్తి తెస్తే పాడైందని చెప్పేవాణ్ణి.

మూడు నెలలు అలా గడిచాయి. కార్తీకంలో ఒక మధ్యాహ్నం ఇంక ఉండబట్టలేక అత్త కుర్చీ పక్కన కింద కూర్చున్నాను.

"అత్తా, ఆ కత్తిపీట..."

"రెండో చక్రానికే తెలిసిందిరా" అంది. "ఇదేంటి ఇలా జారిపోతోంది అనుకునేలోపే వేలు తెగింది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావని చూశాను. ఆసుపత్రిలో చూశాను. తమ్ముడు కత్తి చూసినప్పుడు చూశాను."

కాళ్ళు పట్టుకున్నాను. ఏడుపొచ్చేసింది. "తప్పయిపోయిందత్తా" అన్నాను.

"వేలు మానిపోయిందిలే. నేను పనికిరాని గుడ్డిదాన్నని ఇంట్లో తేల్చేశారు చూడు, దానికి మందు లేదు. నాకు తెలిసిన సంగతి నాకు చెప్తే ఏం లాభంరా? లోపలున్నారు ఇద్దరూ. వెళ్ళి వాళ్ళకి చెప్పు."

లేచి వెళ్ళాను. చెప్దామనే వెళ్ళాను, నమ్మండి. నాన్నగారు భోంచేస్తున్నారు, మా ఆవిడ వడ్డిస్తోంది. నన్ను చూసి నాన్నగారు తలెత్తి, "ఏంట్రా, కళ్ళెర్రగా ఉన్నాయి?" అన్నారు. మా ఆవిడ గరిటె పట్టుకుని ఆగింది. ఆ కత్తి నూరింది నేను. ఇంతే చెప్పాల్సింది.

"ఏం లేదండి, నలక పడింది. నాకూ వడ్డించెయ్" అన్నాను. పీట వాల్చుకుని కూర్చున్నాను. వసారాకీ వంటింటికీ మధ్య ఒక్క గోడే.

మర్నాడు పొద్దున్న బ్యాగు తగిలించుకుని కాలేజీకి బయల్దేరుతుంటే అత్త కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "వెళ్ళొస్తారాండి?" అంది. వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆరేళ్ళప్పటి నుంచి ఒరేయ్ అని పిలిచి, ముద్దలు కలిపి తినిపించిన మనిషి. ఆ తర్వాత ఆవిడ బతికిన నాలుగేళ్ళూ నన్ను అండీ అనే పిలిచింది. పెద్దతనం, మతి తప్పుతోంది పాపం, అన్నారు నాన్నగారు. అవునన్నాను.