మొక్క ప్రాణం తెలిసినవాళ్లు కావలెను

ఆ రోజుల్లో అంటే మీరు మరీ లాంతర్ల కాలానికి వెళ్లిపోకండి. మన ఫోన్లు మనకంటే తెలివైనవని ఇంట్లో పెద్దవాళ్లు కూడా అప్పుడప్పుడే ఒప్పుకుంటున్న రోజులు. నేను డిగ్రీ పూర్తిచేసి, కాకినాడలో ఒక స్వీటు షాపు మేడ మీదున్న చిన్న మార్కెటింగ్ ఆఫీసులో చేరాను. (కింద కాజాలు వేగుతుంటే పైన మా బుర్రలు వేగేవి.) ఎవరి సరుకు ఎవరు కొంటారో ఏఐ చేత వెతికించడం నా ఉద్యోగం. దాన్ని సెమాంటిక్ సెర్చ్ అంటారని మా బాస్ చెప్పిన రోజు నుంచి ఆ మాట నా నోట్లో కాజాలా నానుతూనే ఉండేది. మామూలు వెతుకులాట అక్షరాలు చూస్తుంది, ఇది అర్థం చూస్తుంది. మనకి ఎలాంటి కొనుగోలుదారు కావాలో మామూలు మాటల్లో రాస్తే చాలు, ఆ వర్ణనకి దగ్గరగా ఉన్న వ్యాపారాలన్నీ పట్టుకొచ్చి ముందు పెడుతుంది. ఈ సంగతి బస్సులో పక్క సీటావిడకి వివరించాను, కండక్టరుకి వివరించాను, మా ఊరు కడియం వెళ్లినప్పుడు మా అత్తయ్యకి మరీ శ్రద్ధగా వివరించాను.

"మావయ్య రెండోసారి మజ్జిగ అడిగితే కూరలో కారం ఎక్కువైందని నీకు అర్థమవుతుంది చూడు, అదే అత్తయ్యా ఇది."

"దానికి కంప్యూటరెందుకే? ఆయన మొహం చూస్తే తెలియట్లేదూ?"

మా మావయ్యకి కడియంలో కౌలు పొలంలో నర్సరీ ఉండేది. కొత్త లేఅవుట్ వేస్తానన్న ఒక పెద్దమనిషి మాట నమ్మి, రోడ్ల పక్కన నాటడానికని ఒక మడి నిండా పొగడ మొక్కలు పెంచాడు. (వాటిని ఆయన పొగడని పూట లేదు.) లేఅవుట్ కాగితం మీదే వాడిపోయింది. మొక్కలు మాత్రం వాడకుండా సంచుల్లోనే మనిషెత్తు దాటి, అడుగున సంచీ చింపుకుని నేలలోకి వేళ్లు దింపడం మొదలుపెట్టాయి. ఇంతలో పొలం యజమాని, తాను అక్కడ ఫంక్షన్ హాలు కట్టాలనుకుంటున్నానని, వానలు పడేలోగా ఖాళీ చెయ్యమని మర్యాదగా చెప్పేశాడు. అప్పటికి మొక్కలు ఎవరైనా పట్టుకెళితే సరే, లేకపోతే కొట్టించెయ్యడమే. మావయ్య రోజూ సాయంత్రం ఆ మడిలోకి వెళ్లి, ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడ్డట్టు నిలబడి వచ్చేవాడు. అది చూసి నేను రంగంలోకి దిగాను. (నన్నెవరూ దిగమనలేదు.)

"ఎలాంటివాళ్లు కావాలి మావయ్యా? నీ మాటల్లోనే చెప్పు, అది అర్థం చేసుకుంటుంది."

మావయ్య ఫోను వంక అనుమానంగా చూసి, గొంతు సవరించుకుని చెప్పాడు. "మొక్క ప్రాణం తెలిసినవాళ్లు కావాలమ్మా. వేళ్ల చుట్టూ మట్టి విడిపోకుండా లారీలోంచి దించుకోగలిగినవాళ్లు. ఒకటీ అరా కాదు, లారీల్లెక్కన పుచ్చుకునేవాళ్లు. ఏ వేళకి నీళ్లు పెట్టాలో వాళ్లకి మనం చెప్పక్కర్లేకుండా ఉండాలి."

ఒక్క ముక్క మార్చకుండా కొట్టాను. అరనిమిషంలో బారెడు జాబితా. అన్నీ ఘనమైన ఇంగ్లీషు పేర్లు: గ్రీన్ అనీ, గార్డెన్స్ అనీ, ల్యాండ్‌స్కేప్స్ అనీ. అన్నింటి పక్కనా 'చాలా దగ్గరి పోలిక' అని ఏఐ గారి కితాబు. బెంగళూరు కంపెనీలని నేనే నిర్ణయించుకుని, చిరునామాల మీదికి చూపైనా పోనివ్వకుండా అందరికీ మావయ్య పేరుతో ఆహ్వానం పంపేశాను. మా కడియంలో కొనడానికి వచ్చినవాళ్లు అన్నం తినకుండా వెళితే అది అవమానం కిందే లెక్క. అందుకని, "ఆదివారం మా పొగడ మొక్కలు చూడటానికి కుటుంబ సమేతంగా దయచేసి, మా ఇంట భోజనం చేసి వెళ్లవలసిందిగా ప్రార్థన" అని రాశాను. సాయంత్రానికల్లా "తప్పకుండా వస్తామండి" అని వరసగా జవాబులు. బెంగళూరు వాళ్లు కూడా మన మర్యాదకి కరిగి తెలుగులో రాస్తున్నారని నేను మురిసిపోయాను. అత్తయ్య పనసపొట్టు కూరకి, పులిహోరకి, బొబ్బట్లకి ఏర్పాట్లు చేసింది. మావయ్య షామియానా వేయించాడు.

ఆదివారం మొట్టమొదట వచ్చిన బండి మీంచి బోన్సాయ్ గారు దిగారు. ఆయనది మా కంచె అవతలి నర్సరీ. ఏ మాటనైనా కుండీలో మరుగుజ్జు చెట్టులా కత్తిరించి చిన్నది చేసి పలుకుతారు గనక ఊళ్లో ఆ పేరు. బోరు నీళ్ల దగ్గర తగువొచ్చి, ఆయనకీ మావయ్యకీ చాన్నాళ్లుగా మాటల్లేవు. వెనకే ఆయన భార్య, పళ్లెంలో పళ్లూ పువ్వులూ జాకెట్టు ముక్కా పట్టుకుని దిగారు. ఆ వెనక చామంతి గారు, ఆ వెనక కొబ్బరి బాబాయి, ఆ వెనక కడియం నర్సరీల వాళ్లంతా, పట్టుచీరలూ ఇస్త్రీ చొక్కాలతో. ఒక్కొక్కరినీ నేను పుట్టినప్పటి నుంచి ఎరుగుదును. కాకపోతే మా ఊళ్లో ఎవరినీ బోర్డు మీది పేరుతో పిలవం. బోన్సాయ్ గారి గేటు మీద ఇంత పెద్ద ఇంగ్లీషు పేరుందని నేను చూసిందీ లేదు, చదివిందీ లేదు. దగ్గరి పోలిక అంటే అర్థంలోనే అనుకున్నాను గానీ, అడుగుల్లో కూడా అంత దగ్గరని నాకేం తెలుసు?

బోన్సాయ్ గారి భార్య నా బుగ్గ నిమిరి, "పెళ్లికొడుకు వాళ్లు ఇంకా రాలేదా అమ్మా?" అన్నారు. మొక్కలమ్మేవాళ్లని మొక్కలు చూడమని ఎవరైనా భోజనానికి పిలుస్తారా, అది మొహమాటానికి రాసిందే, అసలు సంగతి అమ్మాయి నిశ్చితార్థం అయ్యుంటుందని ఊరంతా తీర్మానించుకుందట.

మావయ్య నన్ను వంటింటి వసారాలోకి పిలిచాడు. "ఏంటమ్మా ఇది? ఊళ్లోవాళ్లనే ఊరికి పిలిచావేంటి?"

"వాళ్లు మొక్క ప్రాణం తెలిసినవాళ్లే కదా మావయ్యా."

"తెలుసు కాబట్టే వాళ్లూ అమ్ముకుంటున్నారు."

అత్తయ్య గరిటె కడుగుతూ, "ఆ గొడవ తర్వాత చూసుకోండి. ముందు విస్తళ్లు వెయ్యండి" అంది. నేను తల వంచుకుని పులిహోర వడ్డించాను. పెళ్లికూతురి సిగ్గనుకుని అందరూ ముచ్చటపడ్డారు.

భోజనాలయ్యాక ఎవరూ ఇంటికి కదల్లేదు. నర్సరీ వాళ్ల చేతులు ఊరుకోవు. తాంబూలం నములుతూనే పొగడ మడిలోకి నడిచి, ఆకు తిరగేసేవారొకరు, సంచీ నొక్కేవారొకరు. బోన్సాయ్ గారు వంగి ఒక మొక్కని కదిపి చూశారు. అది కదల్లేదు.

"దిగిపోయింది" అన్నారు.

"ఆ" అన్నాడు మావయ్య. చాన్నాళ్లకి ఆయనతో ఆడిన మొదటి మాట అదే.

"కౌలు?"

"వానలదాకా."

"చెప్పొచ్చుగా."

"మీరు అడిగారా?"

బోన్సాయ్ గారు చేతికంటిన మట్టి దులుపుకుని, బహుశా జీవితంలో అతి పొడుగైన వాక్యం పలికారు. "బుధవారం నా లారీ ఆర్డరు మీద నాగపూర్ వెళ్తోంది, వెనక సగం ఖాళీ, వేళ్లు కోసి మట్టి విడిపోకుండా గోనె కట్టడానికి మా కూలీల్ని కూడా పంపుతాను."

చామంతి గారు తన లోడులో కొన్ని వేసుకుంటానన్నారు. ఇక్కడ ఒకరి ఆర్డరుకి తక్కువైన మొక్క ఇంకొకరి మడిలోంచి వెళ్లడం మామూలే. మావయ్యే అభిమానం కొద్దీ నోరు విప్పలేదు. మిగిలినవాటికి కొబ్బరి బాబాయి తన చేను గట్టు మీద చోటిచ్చాడు. వాన పడేలోగా మడి ఖాళీ అయింది. ఒక్క చెట్టు మాత్రం ఎంత తవ్వినా రాలేదు. దాన్ని ఫంక్షన్ హాలు గేటు పక్కన అలాగే ఉంచేశారు. ఆఫీసు ఏఐని వాడినందుకు ఇచ్చిన రిపోర్టులో "లక్షిత కస్టమర్లు పిలిస్తే పలికేంత దూరంలో లభ్యమయ్యారు" అని రాశాను. బాస్ దాన్ని ఘనవిజయమని కొత్త క్లయింట్లకి చూపించేవాడు. మావయ్య మాత్రం నన్ను ఎవరికి పరిచయం చేసినా ఒకటే మాట. "మా మేనకోడలండి. పక్కింటివాళ్లని కనిపెట్టింది."

ఇప్పుడు నాకూ ఓ చిన్న ఆఫీసుంది. ఏఐ కూడా అప్పటికంటే చాలా ముదిరింది. మొన్న కొత్తగా చేరినవాళ్లకి చూపిద్దామని మావయ్య చెప్పిన ఆ వాక్యాలే, ఒక్క ముక్క మార్చకుండా, మళ్లీ కొట్టాను. అన్నింటికంటే పైన ఏదో ఘనమైన ఇంగ్లీషు పేరొచ్చింది. ఎవరో చాలా గొప్పవాళ్లలా ఉన్నారే, ముందు వీళ్లకే రాద్దాం అనుకుంటూ, నేర్చుకున్న బుద్ధి కొద్దీ చిరునామా చూశాను. కడియం. బోన్సాయ్ గారి కంచె పక్కనే కొన్న కొత్త పొలం. మా మావయ్య నర్సరీ.