బల్ల మీద రెండు తెరలు

కంప్యూటర్ల కొట్టులో పదకొండేళ్లుగా మానిటర్లు అమ్ముతున్న సేల్స్‌మన్‌కి కొనేవాళ్లంటేనే రోత పుట్టింది. "ఏ గేమ్ ఆడతారు? ఎంతలో కావాలి?" అంటే ఒక్కడూ తిన్నగా చెప్పడు. కాల్పుల ఆటలకైతే వేగం కావాలి, తీరిగ్గా తిరిగే కథల ఆటలకైతే రంగులు బాగుండాలి. ఇవేవీ వాళ్ల చెవికెక్కవు. అందరికీ పెద్ద అంకె కావాలి, అంతే.

విసిగిపోయి బల్ల మీద రెండు తెరలు పక్కపక్కనే పెట్టాడు. ఒకదానిలో బొమ్మ సెకనుకు అరవైసార్లు మారుతుంది, రెండోదానిలో రెండువందల నలభైసార్లు. చూసిన ప్రతివాడూ తల పంకించి ఖరీదైనదే పట్టుకుపోయేవాడు.

ఒకరోజు తమ్ముడి కోసం ఒక దర్జీ ఆవిడ వచ్చింది. "వాడు ఆడేది చదరంగం బాబూ, తక్కువలో చూపించు" అంది. అంత సూటిగా చెప్పినా అతను అలవాటుకొద్దీ ఆ బల్ల దగ్గరికే తీసుకెళ్లాడు.

"నాకు రెండూ ఒకేలా ఉన్నాయి."

"అలవాటు లేని కళ్లకి తెలీదులెండమ్మా."

"రోజూ సూదిలో దారం ఎక్కించే కళ్లు నాయనా ఇవి. ఓసారి చూడు."

ఆవిడ నోరు మూయించడానికే సెట్టింగ్స్ తెరిచాడు. ఖరీదైన తెర కూడా అరవై మీదే ఉంది. మూడు నెలల కిందట బల్ల మీద పెట్టిన రోజు దాన్ని రెండువందల నలభైకి మార్చడం తనే మరిచిపోయాడు.

"చూశారా, ఎంత మెత్తగా కదులుతోందో" అని అప్పట్నుంచీ రోజుకు పదిసార్లు అంటూనే ఉన్నాడు. అబద్ధమాడానని అనుకోగలిగితే కొంత నయంగా ఉండేది. కానీ ఇన్నాళ్లూ అతనికి నిజంగానే తేడా కనిపించింది.